కోటప్పకొండ యాత్రయు మా కారు చక్రములును

కారు చక్రములనుగూర్చి ఒక గృహిణి వ్రాయుట కొందఱికి నవ్వు పుట్టింపవచ్చును. మొదట మా యింటనే పుట్టించినది. “యాత్ర గురించి రాయి, గుడి గురించి రాయి, చక్రాల సంగతి నీకెందుకు?” అని మా వారు పరిహాసమాడిరి. కాని ఆ యాత్రలో నేను చూచినదానిలో సగము చక్రములే. పైగా ఆ చక్రములకు తొడిగిన టైర్లు నా చీటీ సొమ్ముతో కొన్నవి. కావున వ్రాయుటకు నాకు హక్కు కలదనియే నా నమ్మకము.

మాది సత్తెనపల్లి. మొన్నమొన్నటి వఱకు గుంటూరు జిల్లాలోని యూరు. 2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన నరసరావుపేట ముఖ్యపట్టణముగా పల్నాడు జిల్లా ఏర్పడగా అందులో చేరినది. 1906లో వావిలాల గోపాలకృష్ణయ్యగారు పుట్టిన యూరని చెప్పిన చాలును, మా యూరివారికి అంతకు మించిన పరిచయము అక్కఱలేదు. మాఘ ఫాల్గుణములలో ఊరి చుట్టు ఎటు చూచినను మిరపకల్లములే. ఆ దినములలో గాలికి సైతము ఘాటుండును. నేను క్రొత్తగా కాపురమునకు వచ్చిన యేడు ఆ రెండు నెలలును తుమ్ములతోనే గడపితిని. మిరప టిక్కీలు, పత్తి మూటలు ఎత్తిన లారీలు తాలూకా సెంటరు మీదుగా రేయింబవళ్లు పోవుచుండును. అవి పోయిన బాటలు ఎట్లుండునో మీరే యూహింపుడు.

మా కారు చిన్నది. ఒకరు వాడి యమ్మినది. మా వారు లెక్కల మాస్టారు. వారి బడి ఊరికి 12 కిలోమీటర్ల దూరమున ఉన్నది. కావున అది మాకు విలాసము కాదు, బడికిని ఇంటికిని నడుమ వంతెన.

కథ కార్తికములో ఆరంభమైనది. కృష్ణలో స్నానమునకును అమరేశ్వరుని దర్శనమునకును అమరావతి పోయితిమి. దర్శనమైన వెనుక అచ్చటి వస్తుప్రదర్శనశాలలో ధర్మచక్రములు చెక్కిన పలకలను చూచుచు చాలసేపు నిలిచితిని. ఆ శిల్పముల రాయి మన పల్నాటి సున్నపురాయియే. రెండు వేల యేండ్లనాటి ఆకులు, నేటికిని ఒక్కటి వంకర లేదు. ఆ మాటనే తలచుకొనుచు తిరిగి వచ్చుచుండగా చీకటిలో ఎడమవైపు ముందు చక్రము గోతిలో పడెను. పండ్లు కదలిపోయినంత పని యయ్యెను. అక్కడినుండి ఇల్లు చేరువఱకు ముందునుండి టక్కుటక్కుమను చప్పుడు మమ్ము విడువలేదు.

మఱునాడు ఊరిలోని మెకానిక్కు చూచి, ఎడమవైపు లోయర్ ఆర్మ్ వంగినదనియు, టైరాడ్ ఎండు వదులైనదనియు, ముందు షాక్ అబ్జార్బర్లు రెండును నూనె కారుచున్నవనియు చెప్పెను. చక్రమును కారునకు పట్టియుంచు చేయి వంటిది లోయర్ ఆర్మ్. స్టీరింగు త్రిప్పినప్పుడు ఆ త్రిప్పుటను చక్రమునకు అందించు కడ్డీ చివరి కీలు టైరాడ్ ఎండు. టైరు ప్రక్కన కూడ బుడిపె లేచినది. ఒక్కటి మార్చిన ఎగుడుదిగు డగునని ముందు రెండు టైర్లును క్రొత్తవి వేయించితిమి. టైర్లకు 7,600 రూపాయలు, తక్కిన సామాను, కూలి కలిపి మఱి 9,000. చీటీ పాడి, ఆ సొమ్ముతో గోద్రెజ్ బీరువా కొనవలెనని నేను వేసికొన్న లెక్క అంతటితో సరిపోయెను.

కారు తెచ్చుకొను దినమున నేనును వెంట పోయితిని. నాకు ఒక సందేహము కలిగెను. మా పుట్టింట చిన్ననాడు ఎడ్లబండికి ఇరుసు మార్చుట చూచితిని. వడ్రంగి ఇరుసు దిగగొట్టిన వెంటనే పని యైనదని లేచిపోడు. కాడి కట్టుచోటినుండి త్రాడు పట్టి ఒక చక్రము వఱకు కొలుచును, అదే త్రాటితో రెండవ చక్రము వఱకు కొలుచును. రెండును సరిపోయిన తరువాతనే సీలలు దిగగొట్టును. సరిపోనిచో బండి ఒక ప్రక్కకు నడచుననియు, ఎద్దులలో ఒకటి ఊరక మెడ నొచ్చుకొనుననియు మా తాతగారు చెప్పెడివారు. అది తలపునకు వచ్చి, “అలైన్‌మెంటు చూపించనక్కఱలేదా నాయనా?” అని అడిగితిని.

“గుర్తులు పెట్టుకొనే విప్పానమ్మా. ఎన్ని మరలుంటే అన్నే బిగించాను. బండి లాగితే అప్పుడు చూసుకోవచ్చు” అని అతడు మర్యాదగానే చెప్పెను. అతడు చెడ్డవాడు కాడు. కూలిలో ఒక్క రూపాయి ఎక్కువ పట్టలేదు. మా వారు “పనివాడికి తెలియదా?” అన్నట్లు నా వంక చూచిరి. నేను ఊరకుంటిని. నాలుగు వందల రూపాయలు మిగిలినవని లోలోపల సంతోషించితిని కూడ. ఆ సంగతి దాచుట న్యాయము కాదు.

శివరాత్రి వచ్చి పోయినది. మా అత్తగారికి కోటప్పకొండ మ్రొక్కు ఉండెను. తిరునాళ్లనాడు ఆమె మోకాళ్లతో ఆ జనములో నిలువజాలదు. కనుక పది దినములు గడువనిచ్చి, ఒక ఆదివారమునాడు తెల్లవాఱుజామున నలుగురమును బయలుదేఱితిమి: మా వారు, నేను, అత్తగారు, ఎనిమిదేండ్ల మా అమ్మాయి. పులిహోర, దద్ధ్యోదనము కట్టుకొంటిని.

సత్తెనపల్లినుండి నరసరావుపేటకు పోవు దారి ఆ వేళ మిక్కిలి సొగసుగా నుండును. ఒకచోట పండుమిరప ఎఱ్ఱని కంబళి పఱచినట్లు కల్లములో ఆరుచుండును, ఇంకొకచోట పత్తి చివరి కాపు తెల్లగా మిగిలి యుండును. నడుమనడుమ సాగరు కుడికాలువ నీరు పాఱు పిల్లకాలువలు. నేను ముందు ఎడమవైపు ఆసనమున కూర్చుండి ఇవన్నియు చూచుచుంటిని. చూపు ఒకమాఱు మా వారి చేతులమీద పడెను. బాట తిన్నగా ఉన్నది, కారు తిన్నగా పోవుచున్నది, స్టీరింగు మాత్రము తిన్నగా లేదు. దాని అడ్డపట్టె గడియారములో తొమ్మిదింబావు కావలసినది, పదింటికి ఇరువది నిమిషములైనట్లు ఒరిగియున్నది.

“ఏమండీ, స్టీరింగు వంకరగా పట్టుకొన్నారేం?” అంటిని.

“రోడ్డు ఎడమకు వాలు. వాననీళ్లు పోవాలిగదా! ఆ వాలుకు కారు పోకుండా కొంచెం కుడికి పట్టాలి” అనిరి.

మాట అబద్ధము కాదు. మన బాటలు నడుమ ఎత్తుగా, అంచులకు వాలుగా వేయుదురు. ఎడమవైపున పోవు బండి కొద్దిగా ఎడమకు ఒరుగుట సహజము. లెక్కల మాస్టారితో వాదమెందుకని ఊరకుంటిని. కాని కాలువ వంతెనమీద బాట సమముగా ఉండెను. అచ్చటను స్టీరింగు వంకరగానే ఉండెను.

టీ త్రాగుటకు ఆగినచోట నేను దిగి ముందు టైరుమీద అరచేయి వేసి, వెలుపలినుండి లోపలికి ఒకమాఱు, లోపలినుండి వెలుపలికి ఒకమాఱు నిమిరితిని. బియ్యము చెఱిగి చెఱిగి చేతికి స్పర్శ తెలిసినవారము గదా! ఒక వైపు నిమిరినప్పుడు నున్నగా పోయినది. రెండవ వైపు నిమిరినప్పుడు చేప పొలుసును ఎదురు నిమిరినట్లు గీఱుకొన్నది. నాలుగు నెలల టైరు అట్లుండునా? అప్పటికి దాని అర్థము నాకు తెలియలేదు. చేతులు నల్లనైనందుకు మాత్రము అత్తగారు, “గుడికి పోతూ ఇదేం పనమ్మా?” అని నీళ్లు పోసిరి.

కోటప్పకొండ నరసరావుపేటకు సమీపముననే ఉన్నది. త్రికూటాద్రి యని శాస్త్రీయమైన పేరు. ఎటు చూచినను మూడు శిఖరములు కనబడునట, బ్రహ్మ విష్ణు రుద్ర శిఖరములని వానిని పిలుతురు. కొండమీద కాకి వ్రాలదని జనుల నమ్మకము. మా అమ్మాయి దర్శనముకంటె కాకిని వెదకుటయే ముఖ్యముగా పెట్టుకొన్నది. శివరాత్రికి చుట్టుపట్ల గ్రామములవారు వెదుళ్లతో కట్టిన ప్రభలను మ్రొక్కుగా తెత్తురు. అఱువది డెబ్బది అడుగులకు మించిన యెత్తు. విద్యుద్దీపముల వెలుగులో ఆకాశమునుండి దిగినట్లుండును. బండిమీద నిలిపిన ఆ ప్రభ ఒరుగకుండ నలువైపుల మోకులు పట్టి మనుష్యులు నడతురు. మేము పోయినప్పటికి తిరునాళ్లు ముగిసినది. కొండ క్రింద ఒక ప్రభకట్టు వెదుళ్లు, మోకుల చుట్టలు ఇంకను పడియుండెను. ఆ మోకుల చుట్టలను గుర్తుంచుకొనుడు. వానితో నాకు మఱల పని కలదు.

కొండమీదికి మెట్లును కలవు, ఘాటురోడ్డును కలదు. అత్తగారి మోకాళ్లకొఱకు ఘాటుననే ఎక్కితిమి. ఎక్కునప్పుడు ఏమియు తెలియలేదు. స్వామి దర్శనము చక్కగా జరిగెను. గొల్లభామ ఆనందవల్లి కథ మీలో చాలమంది వినియుందురు. కొండకొనను కొలువున్న స్వామిని ఆమె నిత్యము సేవించుచు, గర్భవతియై ఎక్కలేని దినములు రాగా, స్వామీ నీవే దిగి రమ్మని వేడుకొన్నదట. నీ వెనుకనే వచ్చెదను, తిరిగి చూడవలదని స్వామి పలికెనట. సగము దిగునప్పటికి వెనుకనుండి వచ్చు చప్పుడునకు ఆమె తిరిగి చూడగా, స్వామి అచ్చటనే నిలిచిపోయెనట. చప్పుడు వినబడిన తిరిగి చూడనివా రెవరు? ఆ తల్లిని తప్పుపట్టుటకు నాకు మనసొప్పదు.

దిగునప్పుడు రెండవ మలుపో మూడవ మలుపో, కుడికి తిరుగుచోట, ముందు చక్రములు కీచుమని యఱచెను. మా వారు స్టీరింగు త్రిప్పినంతగా కారు తిరుగలేదు. అంచున ఇసుకగులక ఉన్నది; దానిమీదికి ఒక జానెడు జాఱి, పిట్టగోడకు మూరెడు దూరమున ఆగితిమి. వేగము హెచ్చు లేదు, ఎదుట ఏ బండియు లేదు, స్వామి దయ. అమ్మాయి నా భుజమును పట్టుకొని వణకెను. మా వారి ముఖమున నెత్తురు లేదు. ఏమియు మాటాడక నడకవేగమున కొండ దిగి, చెట్టు క్రింద కారు నిలిపిరి.

అప్పుడు నేను ఒక మాట అంటిని: “స్టీరింగు పూర్తిగా ఒక పక్కకు తిప్పండి.” అట్లు త్రిప్పినప్పుడు ముందు చక్రపు లోపలి అంచు వెలుపలికి కనబడును, లేనియెడల కనబడదు. చూచితిమి. వెలుపలి సగము క్రొత్తదానివలె గాడులతో నున్నది. లోపలి అంచు బోడిగుండు. ఎడమదానికి ఒకచోట రబ్బరు పూర్తిగా అరిగి లోపలి దారములు తేలినవి. రెండవ టైరును అంతకు కొంచెము తక్కువగా అట్లే ఉన్నది. దినమును కడిగి తుడుచు కారే; నాలుగు నెలలలో మాలో ఒక్కరమును ఆ వైపు చూడలేదు.

డిక్కీలోని స్పేరు టైరును ఎడమవైపు వేసికొని, ఎద్దుబండి వేగమున నరసరావుపేట చేరి, అలైన్‌మెంటు చేయు దుకాణము వెదకికొంటిమి. అచ్చటి కుఱ్ఱవానికి ఇరువదియైదేండ్లుండవు. కాని విషయము చెప్పు తీరు మాస్టార్లు నేర్చుకొనదగినది. మొదట కారును ఎత్తించి ఒక్కొక్క చక్రమును రెండు చేతుల పట్టి ఊపి చూచెను. “ఏదైనా లూజుంటే అలైన్‌మెంటు చేసినా నిలవదమ్మా. ముందు వదులు చూడాలి, తరువాతే కొలత” అనెను. టైర్లలో గాలి సరిచూచెను. ఉత్తకారును దిమ్మెమీదికి ఎక్కించి, నాలుగు చక్రములకు పలకలు తగిలించి, ఎదుట నిలిపిన కెమేరాలు ఆ పలకలను చూచునట్లుగా కారును కొంచెము వెనుకకు ముందునకు దొర్లించెను. తెరమీద అంకెలు ఎఱ్ఱగా వెలిగెను. ఎఱుపు శుభము కాదని ఎవరును చెప్పనక్కఱలేకపోయెను.

చక్రము నిలుచుటలో మూడు కొలతలట. మొదటిది టో. మనము నిలుచున్నప్పుడు పాదముల వ్రేళ్లు లోపలికి తిరిగియున్నవా, వెలుపలికి తిరిగియున్నవా యనునట్టిదే. ఆ పేరు పెట్టినవారు కాలివ్రేళ్లను తలచియే పెట్టిరి. రెండవది క్యాంబరు, చక్రపు తల లోపలికి ఒరిగినదా వెలుపలికి ఒరిగినదా యనునది. దొడ్డికాళ్లవాని మోకాళ్లను తలచుకొన్న చాలును. మూడవది క్యాస్టరు. సైకిలు ముందు కఱ్ఱ నిట్టనిలువుగా నుండక కొంచెము వెనుకకు వాలియుండును గదా, అందుచేతనే సైకిలు తనంత తాను తిన్నగా పోవ చూచును. కారు చక్రమునకును అట్టి వాలు ఉండవలెను. మా కారు వంటి చిన్నకార్లలో మామూలుగా మరలు త్రిప్పి దిద్దుటకు వీలైనది ముందు చక్రముల టో ఒక్కటే. క్యాంబరు హెచ్చుగా చెడినయెడల షాక్ అబ్జార్బరును చక్రపు దిమ్మెకు బిగించు రెండు బోల్టులను వదులు చేసి, వాని రంధ్రములలోని కొద్దిపాటి సందుమేరకు సర్దవచ్చును. అప్పటికిని రాకున్న ఏదో వంగినదన్నమాట.

“మాకు గుర్తులు పెట్టి విప్పి అట్లే బిగించితి మని చెప్పినారే?” అని అడిగితిని.

“పాత లోయర్ ఆర్మ్ వంగి ఉందంటున్నారు గదమ్మా. వంగినదానికి పెట్టుకున్న గుర్తు తిన్నటిదానికి ఎట్లా సరిపోతుంది? కొత్త టైరాడ్ ఎండు పాతదానికంటే మిల్లీమీటరో రెండో పొట్టి పొడుగూ ఉండొచ్చు. ఇక్కడ మిల్లీమీటరే లెక్క” అనెను.

ఆ మాటకు నా మనసులో మోకుల చుట్టలు మెదలినవి. ప్రభను నిలువుగా పట్టునవి నాలుగు మోకులు. అందులో ఒక పాతమోకు తెగినదని తీసివేసి, మూరెడు తక్కువైన క్రొత్తమోకు కట్టి, ముడి మాత్రము పాతచోటనే వేసితిమన్నచో ప్రభ నిలువుగా నిలుచునా? మోకు ఎంత క్రొత్తదైనను, ఎంత గట్టిదైనను ఒరుగుట ఒరుగుటయే. లోయర్ ఆర్మ్, బాల్ జాయింటు, టైరాడ్, ముందు షాక్ అబ్జార్బరు, ఇవి చక్రమునకు మోకులు. వీనిలో ఏది మార్చినను మఱల కొలిచి తీరవలెను. స్ప్రింగు మార్చినను అంతే. కారు ఎత్తు మాఱిన చక్రపు వాలును మాఱును.

ఇక్కడ షాక్ అబ్జార్బరు మాట కొంచెము విప్పవలసియున్నది. ఏలనగా అందఱిని తికమక పెట్టునది అదే. పాత అంబాసిడరులో వెనుకవైపు ఇరుసును పట్టుకొనునవి కమానుపట్టీలు. షాక్ అబ్జార్బరు ఊపును అణచుటకు మాత్రమే. దానిని మార్చినంతమాత్రమున ఇరుసు తన చోటినుండి కదలదు. కాని నేటి చిన్నకార్లలో ముందువైపు షాక్ అబ్జార్బరు ఊపును అణచుటయే కాక, స్తంభమువలె నిలిచి చక్రపు తలను పట్టుకొనును. మెక్‌ఫర్సన్ అను అమెరికా దేశపు ఇంజనీరు పేర దానిని పిలుతురు. ఇంగ్లండులో ఫోర్డు కంపెనీవారు 1950లో చూపిన కాన్సల్, జెఫిర్ కార్లతో అది ప్రసిద్ధికెక్కెను. మన దేశమున 1983లో వచ్చిన మారుతి కారుతో ఇంటింటి మాట యయ్యెను. స్తంభమును విప్పి మఱల పాతునప్పుడు దూలము సరిచూడని వడ్రంగి యుండునా?

మా వారు ఇవన్నియు వినుచు తెరమీది అంకెలనే చూచుచుండిరి. ఒక్కొక్క చక్రము వెలుపలికి సుమారు అఱడిగ్రీ తిరిగియున్నదని తేలెను. “టైరాడ్ మార్చినది ఎడమవైపు మాత్రమే. రెండు టైర్లూ ఎందుకు అరిగాయి?” అని వారు అడిగిరి. తప్పు ఒక ప్రక్కనే ఉన్నను, కారు నడచునప్పుడు రెండు చక్రములును ఆ తప్పును చెఱిసగము పంచుకొనునట. అట్లు పంచుకొనుటకే స్టీరింగు ప్రక్కకు ఒరిగి నిలుచునట. నేను ఉదయము చూచిన వంకర అదియే.

మా వారు జేబులోని కలము తీసి బిల్లు వెనుక లెక్క వేయ మొదలిడిరి. అఱడిగ్రీ సైను 0.0087. అనగా కారు ఒక కిలోమీటరు పోవునప్పటికి ప్రతి ముందు టైరును సుమారు 9 మీటర్లు అడ్డముగా ఈడ్వబడును. నాలుగు నెలలలో మేము తిరిగినది 3,000 కిలోమీటర్లు. గుణించి చూచిరి, 26 కిలోమీటర్లు వచ్చెను. కాగితమును నా చేతికిచ్చి, “సత్తెనపల్లినుంచి ఇక్కడిదాకా టైర్లను అడ్డంగా ఈడ్చుకొచ్చినట్టే” అని మెల్లగా అనిరి. పదవ తరగతి పిల్లలకు ప్రతి సంవత్సరము సైను పట్టిక చెప్పువారు వారు.

ఇంకొక దోషమును ఆ కుఱ్ఱవాడు కనిపెట్టెను. లోయర్ ఆర్మును కారునకు బిగించుచోట రబ్బరు బుష్షులుండును. కారును జాకీమీద ఎత్తి, చక్రము వ్రేలాడుచుండగా ఆ బోల్టులను గట్టిగా బిగించినయెడల, క్రిందికి దించినప్పుడు రబ్బరు మెలిపడి నిత్యము ఆ మెలితోనే యుండును, త్వరగా చిరుగును. కారు బరువు చక్రములమీద నిలిచియున్నప్పుడే ఆ చివరి బిగింపు జరుగవలెను. మావి మెలిపడియున్నవి. వదులు చేసి, కారును దించి, ఊపి, మఱల బిగించి, అటుతరువాతనే కొలతకు పోయెను. స్టీరింగును తిన్నగా నిలిపి బంధించి, క్రింద దూఱి, రెండు టైరాడ్లను కొద్దికొద్దిగా త్రిప్పుచుండ, తెరమీది యంకె లొకటొకటిగా పచ్చనయ్యెను. అమ్మాయి చప్పట్లు కొట్టెను.

అలైన్‌మెంటునకు 400 రూపాయలు. మఱల రెండు టైర్లకు 7,800. కార్తికములో మిగిలినవని నేను సంతోషించిన నాలుగు వందలు ఇట్లు తిరిగి వచ్చినవి.

పని జరుగుచున్నంతసేపు నాకు చదివిన పుస్తకములు జ్ఞప్తికి వచ్చుచుండెను. అమరకోశమున బండిచక్రపు నాభికి వేఱు పేరు, నేమికి వేఱు పేరు, ఇరుసు కొన సీలకు వేఱు పేరు. నలుడు బాహుకుడై ఋతుపర్ణుని రథము తోలిన వేగమును చదివి మురిసితిమి. యుద్ధమున దశరథుని రథపు సీల ఊడగా కైకేయి తన వ్రేలుంచి నిలిపినదని పెద్దలు కథగా చెప్పుదురు. ఆ కథను చిన్ననాడు వినునప్పుడు ఆమె సాహసమే నాకు తోచెడిది. నరసరావుపేటలో దుమ్ము నేలమీద స్టూలు వేసికొని కూర్చుండినప్పుడు మాత్రము వేఱొకటి తోచెను: అంత రణములో సీల ఊడిన సంగతిని మొదట కనిపెట్టినది ఆమె. రథము ప్రక్కనుండి చూచుచున్నది గనుక కనిపెట్టినది. తోలువాని కన్ను బాటమీద నుండును. ప్రక్కన కూర్చుండినవారి కన్నుకు తీరిక యుండును.

కావున ప్రక్కన కూర్చుండు సోదరీమణులకు నాకు తెలిసినది చెప్పెదను. బాట సమముగా, తిన్నగా ఉన్నప్పుడు స్టీరింగు అడ్డపట్టె తిన్నగా ఉన్నదో లేదో చూడుడు. నెలకొకమాఱు చక్రము త్రిప్పించి లోపలి అంచు చూడుడు. అరచేతితో రెండు వైపులను నిమిరి చూడుడు. వేగము హెచ్చినప్పుడు స్టీరింగు వణకుచున్నయెడల అది వేఱు జబ్బు. దానికి బాలెన్సింగు కావలెను. కారు ఒక ప్రక్కకు లాగుట టైరు గాలి తగ్గినందుననో, బ్రేకు పట్టియుండుటవలననో కూడ కావచ్చును. గుర్తు తెలియక ఒకదానికి ఒకటి చేయించి సొమ్ము పోగొట్టుకొనిన వారు మా బంధువర్గములో ఉన్నారు. ఇంకొక సంగతి: క్రొత్త టైర్లు వేసిన దినముననే కొలిపించుకొనుట మేలు. పాత టైరుకైన అరుగుటకు కొంతయే మిగిలియుండును. క్రొత్తదానిని అరుగదీసికొనుట బీరువా తలుపు తెఱచి దొంగను పిలుచుటయే.

సాయంకాలము తిరిగి బయలుదేఱితిమి. ఎండ మిరపకల్లములమీద ఏటవాలుగా పడుచుండెను. కొందఱు స్త్రీలు టార్పాలిను పట్టాలు కప్పి రాళ్లు పెట్టుచుండిరి. స్టీరింగు తొమ్మిదింబావు చూపుచుండెను. మా వారు మాటిమాటికి దానినే చూచుకొనుచుండ, “మీరిద్దరూ పొద్దుటినుంచి ఆ చక్రాలను చూసినట్టు స్వామినైనా చూడలేదు” అని అత్తగారు వెనుకనుండి అనిరి. కాకి కనబడలేదని అమ్మాయి నాలుగవమాఱు చెప్పి నిద్రపోయెను.

ఊరికి వచ్చిన వారమునకు మెకానిక్కు దారిలో ఎదురుపడి, విషయము విని చాల నొచ్చుకొనెను. తన కూలిలో కొంత తిరిగి యిచ్చెదననెను. మా వారు పుచ్చుకొనలేదు. ఇప్పుడు లోయర్ ఆర్మ్ మార్చిన ప్రతి కారును అతడు కొలతకు పంపుచున్నాడని విన్నాను. పంపుటలో కొంచెము అతి కూడ చేయుచున్నాడేమో! మాచర్ల చెన్నకేశవస్వామి దర్శనమునకు పోవుటకు ముందు మా కారునకు ముందువైపు స్టెబిలైజరు లింకు రాడ్డు మార్చెను. మలుపులలో కారు దేహము ఒరుగకుండ పట్టు కడ్డీకి అది కొక్కెము వంటిది. చక్రము నిలుచు కోణముతో దానికి సంబంధము లేదు.

“అమ్మా, అలైన్‌మెంటు చేయించుకొని బయలుదేరండి” అనెను.

“దీనికి అక్కఱలేదు నాయనా” అంటిని.

అతడు మా వారి వంక చూచెను. మా వారు నా వంక చూచి, తాళపుచెవులు తీసికొని, మాచర్ల దారి పట్టించిరి.